పాలంలో మావయ్యతో ఒకరోజు

మా మావయ్య ఇంట్లోంచి బయటికెళ్ళే ముందు గుమ్మంలో ఆగి జేబులు తడుముకుంటాడు. కళ్ళజోడు, పర్సు, ఫోను, చేతిరుమాలు. "నాలుగు" అని పైకే అంటాడు. తిరిగొచ్చాక ఆ నాలుగూ తీసి బల్ల మీద పెట్టి మళ్ళీ "నాలుగు" అంటాడు. చిన్నప్పుడు వేసవి సెలవులకి శ్రీకాకుళం దగ్గర వాళ్ళ ఊరెళ్తే, పిల్లలమంతా ఆయన వెనకాల నిలబడి "నాలుగూ..." అని కోరస్‌గా అరిచేవాళ్ళం. ఆయనకి కోపం వచ్చేది కాదు. ఎందుకంటే సగం మాకు వినిపించినంత ఆయనకి వినిపించేది కాదు.

చెవులు అలా అయిపోవడానికి కారణం వయసు కాదు, జెట్ ఇంజన్లు. ముప్పై ఏడేళ్ళు వాటి పక్కనే నిలబడ్డాడు మరి. 1973లో పద్దెనిమిదేళ్ళకి ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌మన్‌గా చేరాడు. బెల్గాంలో పరేడ్, తాంబరంలో ట్రేడ్ ట్రైనింగ్. ఇంజన్ ఫిట్టర్. ఎయిర్‌క్రాఫ్ట్స్‌మన్, లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్స్‌మన్, కార్పొరల్, సార్జెంట్... అలా ఒక్కో మెట్టూ ఎక్కి మాస్టర్ వారంట్ ఆఫీసర్‌గా రిటైరయ్యాడు. ఊళ్ళో ఎవరైనా "ఎయిర్‌ఫోర్సా? అయితే విమానం నడిపేవారా?" అని అడిగితే ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. "నడపలేదండీ. నడిపించేను."

పోయిన డిసెంబర్‌లో మావయ్య గుర్‌గావ్‌లో నా ఫ్లాట్‌కి వచ్చి పది రోజులున్నాడు. నేనిక్కడ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. "ఏం చూస్తావ్ మావయ్యా? ఎర్రకోటా? తాజ్‌మహలా?" అని అడిగితే, "పాలంలో మ్యూజియం ఉంది కదా, అక్కడికి తీసుకెళ్ళు. మన మిగ్ ఉంటాది" అన్నాడు.

ఎందుకన్నాడో నాకు తెలుసు. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పారు. 1963లో ఏ ఊళ్ళో మొదలైందో అదే ఊళ్ళో ముగిసింది. ఆ రోజు నేను ఆఫీసు క్యాంటీన్‌లో రీల్స్ తిప్పుతుంటే మావయ్య ఫోన్. వినిపించదు కాబట్టి ఆయనే గట్టిగా మాట్లాడతాడు. "ఒరే, చూసేవా? మంత్రిగారి చేతిలో ఫారం 700 పెట్టేరు! మన ఫారం 700!" నాకేం అర్థం కాలేదు. "చూశా మావయ్యా" అని అబద్ధం చెప్పి పెట్టేశాను. అదేంటో తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది.

నా లెక్క ఒకటి తప్పింది

మ్యూజియంలోకి వెళ్ళేముందు నా సంగతి కొంచెం చెప్పాలి.

మా పనిలో ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు చదవాలి. బాగుంటే అప్రూవ్ బటన్ నొక్కాలి. అప్పుడే అది లైవ్‌లోకి వెళ్తుంది. నవంబర్‌లో ఓ రాత్రి పదకొండింటికి మా టీమ్‌లో నాకన్నా నాలుగేళ్ళు జూనియర్ అయిన అమ్మాయి కోడ్ పంపింది. పేమెంట్లకి సంబంధించింది. నేను ఒక చేత్తో బిర్యానీ ఎంతవరకు వచ్చిందో మ్యాప్‌లో చూస్తూ, రెండో చేత్తో అప్రూవ్ కొట్టేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పొద్దున్నకి కొంతమంది కస్టమర్ల ఖాతాల్లోంచి డబ్బులు రెండేసిసార్లు కట్ అయ్యాయి. అందరికీ వెనక్కిచ్చేశాం, నిజమే. కానీ మర్నాడు మీటింగ్‌లో "ఈ కోడ్ ఎవరు రాశారు?" అని అడిగారు. "ఎవరు చదివారు?" అని ఎవరూ అడగలేదు. రికార్డులో నా పేరుంది, ఎవరూ తెరిచి చూడలేదంతే. ఆ అమ్మాయి తల దించుకుని కూర్చుంది. నేను ల్యాప్‌టాప్ వంక చూస్తూ కూర్చున్నాను.

నెల గడిచిపోయింది. నేను మర్చిపోయాననే అనుకున్నాను.

సిపాయిగా చేరిన ఇంజనీర్

ఆదివారం పొద్దున్న పొగమంచు విడిచాక క్యాబ్‌లో బయల్దేరాం. గుమ్మంలో మామూలే, "నాలుగు". ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం పాలం ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌ని ఆనుకునే ఉంది. మీరెళ్తే సోమ, మంగళవారాలు మాత్రం పెట్టుకోకండి, ఆ రెండ్రోజులూ సెలవు. టికెట్ లేదు. పక్కనే ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ కావడంతో నిమిషానికో విమానం నెత్తిమీదుగా దిగుతూ ఉంటుంది. లోపల ఆగిపోయిన విమానాలు, పైన ఎగిరే విమానాలు.

పెద్ద హ్యాంగర్‌లోకి వెళ్ళగానే నేను తిన్నగా యుద్ధ విమానాల వైపు నడిచాను. స్పిట్‌ఫైర్, హరికేన్ అని సినిమాల్లో విన్న పేర్లు కదా. మావయ్య మాత్రం రెండు జతల రెక్కలతో గాలిపటంలా ఉన్న ఓ పాత విమానం దగ్గర ఆగిపోయాడు. పేరు వాపిటీ. 

"ఇది మా అందరికీ ముత్తాతరా" అన్నాడు.

మన ఎయిర్‌ఫోర్స్ పుట్టింది 1932 అక్టోబర్ 8న. కానీ మొదటి స్క్వాడ్రన్ తయారైంది 1933 ఏప్రిల్ 1న, కరాచీలో. చేతిలో ఉన్నవి నాలుగే నాలుగు వాపిటీలు. ఆఫీసర్లు ఆరుగురు. వాళ్ళతోపాటు విమానాల్ని చూసుకోవడానికి 19 మంది కుర్రాళ్ళు. వాళ్ళని 'హవాయీ సిపాయి'లు అనేవారు. ఆఫీసర్ల పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ పంతొమ్మిది మంది పేర్లు ఎంతమందికి తెలుసు?

ఒక్క పేరు మాత్రం మావయ్య నోటి వెంట వచ్చింది. హర్జిందర్ సింగ్.

ఈయన కథ వింటే మన ఇంజనీరింగ్ బ్యాచ్‌కి కొంచెం చురుక్కుమంటుంది. 1909లో పుట్టాడు. లాహోర్‌లో మెక్లగన్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివాడు. ఆ రోజుల్లో ఆ చదువుంటే మంచి ఉద్యోగం దొరికేది. అది వదిలేసి ఎయిర్‌ఫోర్స్‌లో సిపాయిగా, అంటే అందరికన్నా కింది మెట్టు మీద, మెకానిక్‌గా చేరాడు. భారతీయులకి విమానాలు బాగుచేయడం చేతకాదని తెల్లవాళ్ళు అనుకునే కాలం అది. చేతనవునని చేతుల్తోనే చూపించాలి, వేరే దారి లేదు.

1942లో బర్మా యుద్ధానికి మొదటి స్క్వాడ్రన్ లైసాండర్ విమానాలతో వెళ్ళింది. లైసాండర్ బాంబర్ కాదు. సైన్యానికి పైనుంచి దారి చూపించే విమానం. జపాన్ వాళ్ళు దాడి చేస్తుంటే ఊరికే చూస్తూ కూర్చోలేక, హర్జిందర్, ఆయన కుర్రాళ్ళూ వాటికి బాంబులు మోసే ఏర్పాటు చేశారు. ఆ విమానాలతోనే 'జంబో' మజుందార్ థాయ్‌లాండ్ సరిహద్దు దాటి మే హాంగ్ సాన్ ఎయిర్‌ఫీల్డ్ మీద బాంబులేసి వచ్చాడు. మజుందార్ పేరు మోగిపోయింది. మోగాల్సిందే. కానీ బాంబు వేలాడిన కొక్కెం ఎవరు బిగించారన్నది కూడా కథే కదా.

ఆ సిపాయే తర్వాత ఎయిర్ వైస్ మార్షల్ అయ్యాడు. కాన్పూర్‌లో మెయింటెనెన్స్ కమాండ్‌కి అధిపతి అయ్యాడు. అక్కడే ఆవ్రో విమానం తయారీ మొదలుపెట్టించాడు. మొదటిది 1961 నవంబర్ 1న ఎగిరింది. దాని పేరు 'సుబ్రతో'. ఎయిర్‌ఫోర్స్‌కి మొదటి భారతీయ అధిపతి సుబ్రతో ముఖర్జీ. అంతకు ఏడాది ముందే చనిపోయాడు. వాపిటీల రోజుల్లో ఆ ఆరుగురు ఆఫీసర్లలో ఆయనొకడు, ఆ పంతొమ్మిది మంది సిపాయిల్లో ఈయనొకడు.

"డిప్లొమా లేదు, డిగ్రీ లేదు, ఇంటర్ చదివి వెళ్ళినవాణ్ణి. ట్రైనింగ్‌లో ఈయన సంగతి చెప్పినప్పుడు మొదటిసారి నా చేతుల వంక చూసుకున్నాను" అన్నాడు మావయ్య.

పారేసిన విమానాలు

బయట ఆరుబయట పెద్ద విమానాలున్నాయి. అందులో నాలుగు ఇంజన్ల లిబరేటర్ ఒకటి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా తయారుచేసిన బాంబర్. యుద్ధం అయిపోయాక ఇలాంటివి కాన్పూర్‌లో గుట్టలుగా వదిలేసిపోయారు. ఊరికే వదల్లేదు. మళ్ళీ ఎవరూ వాడకుండా పాడుచేసి మరీ వదిలారు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మనకి బాంబర్లు లేవు, కొనడానికి డబ్బుల్లేవు. అప్పుడు మనవాళ్ళు ఆ చెత్తకుప్పలోకి దిగారు. దీని రెక్క దానికి, దాని చక్రం దీనికి పెట్టి, ఎగరగలిగేలా చేసి, బెంగళూరులో హెచ్‌ఏఎల్‌కి తీసుకెళ్ళి పూర్తిగా బాగుచేశారు. అలా నలభైకి పైగా విమానాలు లేచాయి. 1948లో స్క్వాడ్రన్‌లో చేరినవి 1968 దాకా పనిచేశాయి. ఇంకో తమాషా ఏంటంటే, ఇవాళ బ్రిటన్‌లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉన్న లిబరేటర్ కూడా మన దగ్గర్నుంచి వెళ్ళిందే. విరగ్గొట్టి పారేసినవాళ్ళే చివరికి ప్రదర్శనకి పెట్టుకోవడానికి మన దగ్గర తీసుకున్నారు.

మావయ్య దాని చక్రం దగ్గర వంగి టైరు చూశాడు. గాలి సరిపోయిందో లేదో చూస్తున్నట్టుగా. మ్యూజియంలో ఉన్న విమానానికి టైరులో గాలెందుకని నేను నవ్వాను. ఆయనకి వినిపించలేదు.

మిగ్ పక్కన

మిగ్-21 దగ్గరకొచ్చేసరికి మావయ్య నడక మారిపోయింది. డెబ్భై ఏళ్ళ మనిషి, మోకాళ్ళు నొప్పులని మెట్రో మెట్లెక్కనివాడు, దాని చుట్టూ ముక్కు నుంచి తోకదాకా కుడివైపుగా ఓ రౌండ్ వేశాడు. ప్రతి రెండడుగులకీ ఆగి ఏదో చూడ్డం. తర్వాత నాకు అర్థమైంది, అది ఆయన రోజూ వేసిన రౌండ్. కాళ్ళకి గుర్తుంది.

"ఇదిగో, ఇక్కడికి ఊడొస్తాది" అని విమానం నడుము మీద ఓ గీత చూపించాడు. మిగ్-21 ఇంజన్ బయటికి తీయాలంటే తోక సగం మొత్తం విప్పి వెనక్కి లాగేయాలి. అప్పుడు ఇంజన్ కనిపిస్తుంది. "మీకు కారు బోనెట్ ఎత్తడం ఎలాగో మాకిది అలాగ." తోక దగ్గర చిన్న గొట్టం చూపించాడు. విమానం దిగాక అందులోంచి పారాచూట్ తెరుచుకుని వేగం తగ్గిస్తుంది. రన్‌వే మీద పడిన ఆ పారాచూట్ని పరుగెత్తి తెచ్చుకోవడం, ఆరబెట్టి మళ్ళీ మడతపెట్టడం కూడా గ్రౌండ్ వాళ్ళ పనే.

పైలట్ గాల్లో ఉండేది అరగంటో ముప్పావుగంటో. దాని కోసం వీళ్ళు తెల్లారుజామున నాలుగింటికే లైట్లేసుకుని మొదలెట్టేవారు. చలికాలం పంజాబ్‌లో ఇనుము ముట్టుకుంటే వేళ్ళు అంటుకుపోయినట్టుండేదట. మే నెలలో రాజస్థాన్‌లో రెక్క మీద చెయ్యి వేస్తే కాలేదట. ఎగరకముందు ఒక పరీక్ష, రెండు ఫ్లైట్ల మధ్య ఒకటి, చివరి ఫ్లైట్ తర్వాత ఒకటి. ఇంజన్, బాడీ, కరెంటు, మీటర్లు, ఆయుధాలు, రేడియో... ఒక్కో పనికి ఒక్కో మనిషి.

"అందరూ అయ్యేక ఫారం 700" అన్నాడు.

అప్పుడు చెప్పాడు అదేమిటో. ప్రతి విమానానికీ ఒక పుస్తకం ఉంటుంది. ఎవరి పని వాళ్ళు చేసి, చేశామని అందులో సంతకం పెట్టాలి. చివర్లో పైలట్ చూసి, విమానాన్ని తీసుకుంటున్నానని సంతకం పెడతాడు. దిగాక ఏదైనా తేడా ఉంటే మళ్ళీ అందులోనే రాస్తాడు. దాన్ని 'స్నాగ్' అంటారు. మేం బగ్ అంటామే, అదే.

"నీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, పైలట్ ఇంజన్ విప్పి చూసుకోడు. నా సంతకం చూస్తాడు. నా సంతకం మీద కూచుని ఎగురుతాడు."

నాకు బిర్యానీ మ్యాప్ గుర్తొచ్చింది.

కాసేపు ఇద్దరం అక్కడే సిమెంటు గట్టు మీద కూర్చున్నాం. ఫ్లాస్కులో టీ పోసిచ్చాను. ఏమీ అడక్కుండానే మావయ్య మొదలుపెట్టాడు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదట, అత్తకి కూడా.

ఆయన కార్పొరల్‌గా ఉన్నప్పుడు ఓ రోజు ఆయన సంతకం పెట్టిన విమానం తిరిగి రాలేదు. పైలట్ పోయాడు. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, ఎక్కేముందు మావయ్య దగ్గర పెన్ను తీసుకుని సంతకం పెట్టి తిరిగిచ్చాడు. ప్రమాదం అని తెలియగానే మొదట చేసేది ఆ ఫారం 700నీ, పనిముట్ల పెట్టెలనీ సీలు వెయ్యడం. మావయ్య పెట్టె మీద కూడా సీలు పడింది. ఎంక్వైరీ మూడు నెలలు నడిచింది. చివరికి పక్షి తగిలిందని తేలింది.

"నా తప్పు లేదని తేలింది కదా అంటావు. తేలేదాకా మూడు నెలలు ఉంది కదరా. ప్రతి రాత్రీ ఆ పొద్దున్న చేసిన పని మళ్ళీ చేసేవాణ్ణి. ఈ నట్టు బిగించేనా? బిగించేను. ఆ లాక్‌వైర్ వేసేనా? వేసేను. గుర్తుంది. కానీ గుర్తుండడం వేరు, నిజంగా చెయ్యడం వేరు కదా అని ఇంకో అనుమానం."

అప్పటినుంచి లెక్క మొదలైంది. పనిముట్ల పెట్టెలో ప్రతి పానాకీ, ప్రతి స్క్రూడ్రైవర్‌కీ ఒక చోటుంటుంది. పనికి ముందు లెక్క, తర్వాత లెక్క. ఒక్క నట్టు ఇంజన్లోకి పోయినా బ్లేడ్లు ముక్కలైపోతాయి కాబట్టి అది రూలు. అందరూ చేస్తారు. మావయ్య మాత్రం రెండుసార్లు చేసేవాడు.

సార్జెంట్ అయ్యాక ఓ పొద్దున్న. విమానం రెడీ, సంతకాలు అయిపోయాయి, పైలట్ కాక్‌పిట్‌లో బెల్టులు కట్టుకున్నాడు. మావయ్య రెండోసారి లెక్కపెడితే ఒక స్క్రూడ్రైవర్ తక్కువొచ్చింది. మొదటి లెక్కలో సరిపోయిందని రాసేశాడు కూడా. 

"అప్పుడు ఊరుకోవచ్చు. ఎవరికీ తెలీదు. విమానంలో లేదేమో కూడా. కానీ పరుగెత్తేను." గట్టు మీద కూర్చునే రెండు చేతులూ తలపైన అడ్డంగా పెట్టి చూపించాడు. ఆపమని సైగ.

ఆ ఫ్లైట్ రద్దయింది. నలుగురు నాలుగు గంటలు విమానమంతా వెతికారు. చివరికి ఎక్కడ దొరికిందో తెలుసా? మావయ్య చలికోటు జేబు చిరిగి, లోపలి లైనింగ్‌లోకి జారిపోయి ఉంది.

నేను పగలబడి నవ్వాను. ఈసారి ఆయనకి వినిపించింది, ఆయనా నవ్వాడు. "స్క్వాడ్రన్ అంతా ఆరు నెలలు నవ్వింది. కోటు కుట్టించుకో సార్జెంట్ అనేవారు. ఇంజనీరింగ్ ఆఫీసర్ తిట్టేడు. తిట్టి, తర్వాత ఒక మాటన్నాడు. మొదటి లెక్క తప్పని నువ్వే చెప్పేవు, అందుకని రేపు కూడా నీ సంతకం నమ్ముతాను అని."

నేను టీ గ్లాసు పక్కన పెట్టి నవంబర్ రాత్రి సంగతి మొత్తం చెప్పాను. గట్టిగా చెప్పాలి కదా, ఆయనకి వినిపించాలంటే. పక్కన స్కూలు పిల్లల్ని తీసుకొచ్చిన టీచర్ కూడా తిరిగి చూసింది. మావయ్య ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ఒకటే అడిగాడు.

"ఆ అమ్మాయి ఇప్పుడు రాత్రిళ్ళు నిద్రపోతోందా?"

నా దగ్గర జవాబు లేదు. ఏదో ఒకటి అనాలని, "నువ్వు మాత్రం? ఎప్పట్నుంచో చెవి మిషన్ పెట్టుకోమంటే పెట్టుకోవు. నీ చెవులు స్నాగ్ కాదా? దాన్ని ఫారం 700లో రాయవా?" అన్నాను. వినిపించనట్టే కూర్చున్నాడు. కానీ వినిపించిందని నాకు తెలుసు.

బయటికొస్తూ ఇంకొక్క విమానం చూపించాడు. 1971 యుద్ధంలో క్షిపణి తగిలి చిరిగిపోయిన సుఖోయ్-7 తోకభాగం. ఆ దెబ్బతోనే పైలట్ ఇంటికి తిరిగొచ్చాడు. "చూడు, రేకు ఎలా పేలిపోయిందో. అయినా లోపల మిగిలినవి పట్టుకునే ఉన్నాయి" అన్నాడు. అంతమంది ఫొటోలు తీసుకుంటున్నారు. మావయ్య మాత్రం రివెట్ల వరస చూస్తున్నాడు.

అక్కడ్నుంచి ఏపీ భవన్ క్యాంటీన్‌కెళ్ళి, క్యూలో నిలబడి భోంచేశాం. క్యాబ్ ఎక్కేముందు ఆయన జేబులు తడుముకున్నాడు. నేనూ తడుముకున్నాను.

సోమవారం

మర్నాడు పొద్దున్న మేనేజర్‌కీ టీమ్‌కీ మెయిల్ పెట్టాను. మూడే లైన్లు. ఆ కోడ్ అప్రూవ్ చేసింది నేను. చదవకుండా చేశాను. మీటింగ్‌లో చెప్పాల్సింది, చెప్పలేదు. 'సెండ్' నొక్కడానికి నలభై నిమిషాలు పట్టింది. మేనేజర్ నుంచి "ఇప్పుడెందుకు చెప్తున్నావ్?" అని ఒక్క లైన్ వచ్చింది. ఆ అమ్మాయి మధ్యాహ్నం నా డెస్క్ దగ్గరకొచ్చింది. "థాంక్స్" అంటుందేమో అనుకున్నాను. అనలేదు. "ఆ రోజే చెప్పుంటే బాగుండేది" అంది. నిజమే.

అప్రైజల్‌లో ఆమె రేటింగ్ సరిచేశారు. నాది కూడా 'సరిచేశారు'. ఈఎంఐలు కొంచెం బరువుగా ఉన్నాయి. అయితే ఇప్పుడు నేను కోడ్ చదివి అప్రూవ్ చేస్తున్నాను. టీమ్‌లో నాకు 'స్లో' అని పేరొచ్చింది. కోటు కుట్టించుకో అనడం కంటే నయమే.

పోయిన వారం మావయ్య ఫోన్ చేశాడు. మామూలుగా ఫోన్ చెవికి దూరంగా పెట్టుకుంటాను, ఆయన అరుపుకి. ఈసారి అరవలేదు. మెల్లగా, పక్కన కూర్చుని మాట్లాడినట్టు మాట్లాడాడు. నేనే అలవాటు కొద్దీ "హలో మావయ్యా!" అని గట్టిగా అరిచాను.

"ఎందుకురా అరుస్తావు? వినిపిస్తోంది" అన్నాడు. "ఇప్పుడు మన లెక్క నాలుగు కాదు. ఐదు."